లోపల గదా, అన్నయ్య ఇల్లా?

ప్రశ్న: నమస్తే అండీ. మాది ఒడిశాలోని బరంపురం. నేను ఇక్కడ ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని, మావారిది మందుల దుకాణం. ఈ డిసెంబరు సెలవుల్లో పిల్లల్ని రామోజీ ఫిల్మ్ సిటీకి తీసుకెళ్దామనుకున్నాం. బాబుకి పదకొండు, పాపకి ఆరు. మా అత్తగారికి అరవై ఏడు, మోకాళ్ల నొప్పులు. ఆవిడా వస్తానంటున్నారు. "ఇంత దూరం వెళ్లేది ఒక్కసారి, లోపలి హోటల్లోనే దిగుదాం" అని మావారి పట్టు. మా అన్నయ్య వాళ్లుండేది వనస్థలిపురంలో. "ఇల్లుండగా హోటలేంటే" అని ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు. బయట లాడ్జి అయితే చవగ్గా పోతుందని మా స్టాఫ్‌రూంలో అంటున్నారు. ఇంకో సంగతి, మార్గశిరం లక్ష్మివారాలు మా అత్తగారు ఇల్లు కదలరు. ఏం చేయమంటారు? ఇంట్లో రోజూ ఇదే రగడ. ఒక పాఠకురాలు, బరంపురం.

సమాధానం:

అమ్మా,

ముందు లక్ష్మివారం, అదే గురువారం సంగతి చూద్దాం. ఉత్తరం చివర "ఇంకో సంగతి" అంటూ రాశారు గానీ, మీ చిక్కుముడిని సగం విప్పింది అదే. మా పర్లాకిమిడిలోనూ ఇంతే. మార్గశిరం వచ్చిందంటే బుధవారం రాత్రికే గుమ్మం దగ్గర్నుంచి దేవుడి గది దాకా బియ్యప్పిండి ముగ్గులు, లక్ష్మీదేవి పాదాలు. తెల్లారేసరికి గింజలు కొలిచే మాణం నిండా కొత్త ధాన్యం. ఆ పూట ఇల్లు వదిలి ఊళ్లు తిరిగే అత్తగారు మీ గంజాం జిల్లాలోనూ లేరు, మా గజపతి జిల్లాలోనూ లేరు. కాబట్టి శుక్రవారం బయల్దేరాలి, బుధవారానికి ఇల్లు చేరాలి. ఫలక్‌నుమా, విశాఖ, ఈస్ట్‌కోస్ట్, కోణార్క్, మన వైపు నుంచి వీటిలో ఏదెక్కినా ఒక రాత్రి రైల్లోనే పోతుంది. రాను ఒకటి, పోను ఒకటి. మిగిలేవి శని, ఆది, సోమ. మూడే మూడు రాత్రులు.

ఈ మూడూ ఒకే కప్పు కింద గడపాలని ఎక్కడా లేదు. నన్నడిగితే శని, ఆది మీ అన్నగారింట్లో ఉండండి. సోమవారం పొద్దున్నే ఫిల్మ్ సిటీకి వెళ్లి, ఆ రాత్రి లోపలి హోటల్లో పడుకోండి. మంగళవారం సాయంత్రం రైలెక్కండి. మీవారి మాటా నిలుస్తుంది, అన్నయ్య మాటా నిలుస్తుంది. అందర్నీ మంచి చేసుకోవడానికి ఇలా చెప్తున్నాననుకునేరు. సోమవారం రాత్రే కావాలనడానికి నా లెక్క నాకుంది. చాలామంది బోల్తా పడేది అక్కడే.

పన్నెండేళ్ల కిందట మేమూ వెళ్లాం. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, మా అమ్మ. పలాస వెళ్లి రైలెక్కాం. గది చూసే పని మా మరిదికి అప్పజెప్పాం. "ఫిల్మ్ సిటీ పక్కనే వదినా, నడిచి వెళ్లిపోవచ్చు" అన్నాడు. తీరా దిగి చూస్తే ఆ లాడ్జి ఉన్నది ఫిలింనగర్‌లో, జూబ్లీహిల్స్ పక్కన. రామోజీ ఫిల్మ్ సిటీ ఏమో విజయవాడ రోడ్డు మీద, అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర. ఒకటి పడమటి కొస, ఇంకొకటి తూర్పు కొస. మధ్యలో మొత్తం హైదరాబాదు. లాడ్జి కుర్రాడు ఫోన్లో "దగ్గరే సార్" అన్నాడట. వాడి లెక్కలో ఏది దేనికి దగ్గరో దేవుడికెరుక. ఏడింటికి బయల్దేరిన వాళ్లం గేటు చేరేసరికి పదింపావు. పొద్దున్నే వేసే స్వాగతం షో అప్పటికే అయిపోయింది. ఇప్పటికీ మా ఇంట్లో ఎవరైనా "పక్కనే" అంటే "ఏ పక్కన?" అని అడుగుతారు.

పొద్దున పోయింది ఒక షోనే. అసలు దెబ్బ మధ్యాహ్నం తగిలింది.

ఒంటిగంటకల్లా మా అమ్మ ఇక నడవలేనంది. తోటల దగ్గర ఒక చెట్టు కింద సిమెంటు బెంచీ మీద కూర్చోబెట్టాం. చెప్పులు విడిచి కాళ్లు పైకి పెట్టుకుంది. పాదాలు బూరెల్లా పొంగిపోయాయి. మెట్టెలు వేళ్లలోకి దిగబడి, చుట్టూ చర్మం ఎర్రగా కందింది. "తీసి బ్యాగులో పెడతానే అమ్మా" అన్నాను. నావైపు ఒక చూపు చూసింది. అక్కడ మా నాన్న దుక్కలా ఉంటే మెట్టెలు తీస్తుందా! బాటిల్లో నీళ్లు కొంచెం కొంచెంగా వేళ్ల మీద పోసుకుంటూ కూర్చుంది. అందరి సంచులూ ఆవిడ చుట్టూ పేర్చాం. ఒకరం ఆవిడ దగ్గర, ఒకరం పిల్లలతో. వంతులు వేసుకుని తిరిగాం తప్ప నేనూ మా ఆయనా కలిసి ఒక్క షో చూడలేదు. సాయంత్రం దాకా అదే తంతు. మాకు గది లేక కాదు. ఉంది, నలభై కిలోమీటర్ల అవతల.

లోపల గది తీసుకుంటే రాత్రిని కొనుక్కుంటున్నాం అనుకుంటారు అందరూ. నేనైతే మధ్యాహ్నాన్ని కొనుక్కుంటాను. ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా ఒక ముసలి ప్రాణం నడుం వాల్చడానికి ఒక మంచం, ఫ్యాను, బాత్రూం. పాపకి ఆరేళ్లంటున్నారుగా, ఆ పిల్ల కూడా నానమ్మ పక్కన ఒక కునుకు తీస్తుంది. లేచాక సాయంత్రం ఇంకో రెండు గంటలు హుషారుగా తిరుగుతుంది. కునుకు లేని ఆరేళ్ల పిల్ల అయిదింటికి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా, టీచరమ్మకి!

ఇప్పుడు సోమవారం సంగతి. చాలా హోటళ్లు గది ఇచ్చేది మధ్యాహ్నం పన్నెండు, రెండు మధ్య. ఖాళీ చేయమనేది మర్నాడు పదకొండు, పన్నెండు లోపల. "ముందు రాత్రే వెళ్లి పడుకుంటే పొద్దున్నే తాజాగా తిరగొచ్చు" అని ఆదివారం రాత్రికి బుక్ చేశారనుకోండి. సోమవారం మీరు పార్కు మధ్యలో ఉండగా, మీ అత్తగారి మోకాళ్లు మొరాయించే వేళకి సరిగ్గా గది మీ చేతిలోంచి పోతుంది. డబ్బూ కట్టారు, మధ్యాహ్నం బెంచీయే గతి. అదే సోమవారం రాత్రికి బుక్ చేస్తే పొద్దున్నే వెళ్లి సామాను రిసెప్షన్లో పడేసి తిరగొచ్చు. మధ్యాహ్నానికి తాళం చేతికొస్తుంది. సాయంత్రం మళ్లీ తిరిగి, రాత్రి అక్కడే పడుకుని, మంగళవారం తీరిగ్గా టిఫిన్ చేసి బయటపడొచ్చు. ఇచ్చేది అదే డబ్బు. ఒక్క తేదీ మారితే చాలు.

ఆదివారం వద్దనడానికి ఇంకో కారణం జనం. ఆదివారం సగం హైదరాబాదు అక్కడే ఉంటుంది. సెలవుల్లో సోమవారం కూడా ఖాళీగా ఏముండదు గానీ, ఆ తేడా క్యూలో నిలబడ్డ మోకాళ్లకి తెలుస్తుంది. పైగా శీతాకాలం సెలవుల్లో అక్కడ దీపాలూ, కార్నివాల్ అంటూ సాయంత్రాలు పొడిగిస్తుంటారు. అది చూసి చలిలో, నిద్రమత్తులో ఉన్న పిల్లని భుజాన వేసుకుని హైవే మీద క్యాబ్ కోసం నిలబడటం కంటే, లోపలే గది ఉండటం ఎంత హాయో మీరే ఊహించుకోండి.

మా బంధువుల కుర్రాడొకడు అమెరికాలో ఉంటాడు. "లోపల దిగితేనే లాభం పిన్నీ, అందరికంటే ముందు లోపలికి పంపిస్తారు" అని ఎప్పుడూ చెప్తుంటాడు. అక్కడ అది నిజమే. ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్‌లో వాళ్ల హోటళ్లలో దిగినవాళ్లని రోజూ అరగంట ముందే పార్కుల్లోకి వదులుతారు. దాని వెనక ఒక కథ ఉంది. 1955లో కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ తెరిచినప్పుడు వాళ్లకున్న జాగా 160 ఎకరాలు. జనం రావడం మొదలవగానే చుట్టూ ఎవరెవరో మోటళ్లు కట్టేసుకున్నారు. తీర్థం ఒకరిది, దుకాణాల లాభం ఇంకొకరిది అన్నట్టయింది. అందుకే ఫ్లోరిడాలో ముందే దాదాపు 27,000 ఎకరాలు కొనేసి, 1971లో పార్కుతో పాటే సొంత హోటళ్లు రెండు తెరిచారు. మనం లోపలే పడుకోవాలి, లోపలే తినాలి, లోపలే కొనాలి. ఎక్కడి పార్కువాళ్లయినా కోరుకునేది ఇదే, అందులో తప్పేం లేదు. కాకపోతే అక్కడి అరగంట లాభాన్ని చూసి ఇక్కడ డబ్బు కట్టకండి. ఇక్కడ మీకు దక్కే లాభం వేరు, అది మధ్యాహ్నం నిద్ర.

"లోపల" అన్న మాట దగ్గర కూడా కొంచెం ఆగాలి. మహారాష్ట్రలో ఖోపోలీ దగ్గర ఇమాజికా పార్కుకి ఆనుకునే నోవోటెల్ హోటల్ ఉంది. బెంగళూరు వైపు బిడది వండర్లా పార్కుకి పక్కనే వాళ్ల రిసార్టు ఉంది. గదిలోంచి గేటు దాకా నడిచి వెళ్లేంత దూరం. రామోజీ ఫిల్మ్ సిటీ అలాంటిది కాదు. అది 1,666 ఎకరాలు, ప్రపంచంలోనే పెద్ద స్టూడియో అని గిన్నిస్ రికార్డు. 1996లో సినిమా షూటింగుల కోసం కట్టింది, తర్వాత జనం చూడటానికి వచ్చే చోటయింది. గేటు దగ్గర టికెట్ తీసుకున్నాక లోపలికి వెళ్లేదే వాళ్ల బస్సులో. కాబట్టి హోటల్ లోపలే ఉన్నా, షోలు వేసే చోటు నుంచి హోటల్‌కి నడిచి వెళ్లిపోదాం అనుకోకండి. "మధ్యాహ్నం ఒంటిగంటకి మా అత్తగారిని గదికి చేర్చాలంటే బండి దొరుకుతుందా, ఎంతసేపటికొకటి ఉంటుంది?" అని ఫోన్లో ఈ ముక్క అడగండి. సూటిగా జవాబొస్తే బుక్ చేయండి. "చూద్దాం మేడం, అప్పటికి ఏదో ఒకటి ఉంటుంది" అన్నారంటే లోపలి గదికి నేను చెప్పిన ఉపయోగం సగం పోయినట్టే.

ఇక డబ్బు. మీవారు నెట్‌లో గది ధర చూసి ఉంటారు. దాన్ని నమ్ముకోకండి. మీరు అయిదుగురు. హోటల్ గదంటే ఇద్దరికి, అదనపు పరుపు వేస్తే ముగ్గురికి. పదకొండేళ్ల బాబుని చిన్నపిల్లాడి లెక్కలో వేస్తారో పెద్దవాళ్ల లెక్కలో వేస్తారో వాళ్లిష్టం. ఎలా చూసినా మీకు రెండు గదులు. అంటే మీరు చూసిన ధరకి రెట్టింపు. అక్కడ సితార అని పెద్ద హోటల్ ఉంది, తార అని దానికంటే ఒక మెట్టు కింద ఇంకొకటి ఉంది, గుంపుగా వచ్చేవాళ్లకి శాంతినికేతన్ ఉంది. మీకు తార చాలు. సితారలో మీరు ఎక్కువ కట్టేది హంగుకి. రాత్రి పదింటికి వచ్చి మంచాన పడేవాళ్లకి హంగు ఎందుకు?

పన్నుతో జాగ్రత్త. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి 7,500 రూపాయల దాకా ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. మాటవరసకి 7,400 గదికి పన్ను 370 పడితే, 7,600 గదికి 1,368 పడుతుంది. గది ధరలో రెండొందలు తేడా, పన్నులో దాదాపు వెయ్యి. రెండు గదులంటే రెండు వేలు. "పన్ను కలిపి ఎంత?" అని అడక్కుండా ఒప్పుకోకండి. మీవారికి మందుల దుకాణంలో జీఎస్టీతో రోజూ పనే కాబట్టి ఈ బేరం ఆయనకే వదిలేయండి.

ప్యాకేజీ అంటే ఏమేం కలిపారో మెసేజ్‌లో రాయించుకోండి. అయిదుగురికీ ప్రవేశ టికెట్లు అందులోనే ఉన్నాయా? ఉంటే ఒక రోజుకా, రెండు రోజులకా? గది తీసుకుంటే రాత్రి ఒకటే గానీ మధ్యాహ్నం నుంచి మధ్యాహ్నం దాకా కాబట్టి పగళ్లు రెండు ముక్కలవుతాయి. టికెట్ సోమవారం పొద్దుట్నుంచే చెల్లుతుందా, గది ఇచ్చాకే లెక్కా అన్నది తేల్చుకోవాలి. పొద్దున తొమ్మిదింటికే లోపలికి వెళ్లనివ్వకపోతే నేను చెప్పిన ప్లాన్ కుదరదు. టిఫిన్ ఒక్కటేనా, రాత్రి భోజనం కూడానా అన్నదీ అడగండి. అక్కడ గేటు బయటికి నడిచొచ్చి ఏదో మెస్‌లో తినే వీలుండదు, లోపల పెట్టిందే తినాలి. మీ అత్తగారు మార్గశిరంలో ఉల్లి, వెల్లుల్లి ముట్టరేమో, అదీ ముందే చెప్పండి. బాత్రూంలో పట్టుకుని లేవడానికి కడ్డీ, ఎక్కడానికి లిఫ్ట్, లేదా కింది అంతస్తులో గది కావాలని గట్టిగా అడగండి. మొహమాటపడితే మూడో అంతస్తు ఇస్తారు.

పులిహోర డబ్బాలు పార్కు గేటు దగ్గర ఆపేస్తారు. రైల్లోనే అవగొట్టేయండి. మందులు మాత్రం చేతి సంచిలోనే ఉండాలి, హోటల్‌లో దింపే పెట్టెలో పెట్టేరు.

అన్నయ్య విషయానికొద్దాం. మీ ఉత్తరంలో అసలు బరువంతా ఇక్కడే ఉందని నాకనిపించింది. అన్నగారిల్లు ఉచితం అని మీరు ఎక్కడా అనలేదు, మంచిదే. ఎందుకంటే అది ఉచితం కాదు. వదినకి బరంపురం పట్టు చీర పట్టుకెళ్లకుండా ఆ గుమ్మం తొక్కుతారా? పిల్లలకి బట్టలు, అప్పడాలు, ఒడియాలు, ఆవకాయ జాడీ. అదంతా సంతోషంగా పెట్టే ఖర్చే, కాదనను. కానీ "హోటల్ డబ్బు మిగిలింది" అని లెక్క వేసుకునేటప్పుడు దాన్నీ కలపాలి.

డబ్బుకంటే పెద్ద చిక్కు మీ అత్తగారు. మీకది పుట్టిల్లు లాంటిది. ఆవిడకి కోడలి అన్నగారిల్లు, వియ్యాలవారి కొంప. అక్కడ ఆవిడ మర్యాదగా కుర్చీలోనే కూర్చుంటారు. పట్టపగలు మంచమెక్కి కాళ్లు బార్లా చాపరు. మోకాళ్లకి నూనె రాయమని మిమ్మల్నీ అడగరు. రెండు రోజులు అలా ఓర్చుకుంటారు, మూడో రోజు కష్టం. "ఆవిణ్ణి మా ఇంట్లో వదిలేసి మీరు తిరిగి రండి" అని మీ అన్నయ్య మంచి మనసుతోనే అంటాడు. ఒప్పుకోకండి. ఆవిడ వస్తానన్నది ఫిల్మ్ సిటీ చూడటానికి, వనస్థలిపురంలో టీవీ చూడటానికి కాదు.

మరి సోమవారం హోటల్ అంటే అన్నయ్య నొచ్చుకోడా? చెప్పే తీరులో ఉంది. బుక్ చేశాక చెప్తే నొచ్చుకుంటాడు. "అన్నయ్యా, శని, ఆది మీ ఇంట్లోనే. అత్తయ్య మోకాళ్ల కోసం సోమవారం ఒక్క రాత్రి లోపల తీసుకుందామనుకుంటున్నాం, నువ్వేమంటావ్?" అని ఇవాళే అడగండి. మోకాళ్ల మాట విన్నాక ఏ అన్నయ్యా కాదనడు. పైగా సోమవారం పొద్దున్నే కారులో దింపుతానని తనే అంటాడు చూడండి. వనస్థలిపురం నుంచి హైవే ఎక్కితే నేరుగా అదే దారి, ఎక్కడా ఊళ్లోకి వెళ్లే పని లేదు. వాళ్ల పిల్లల్ని కూడా సోమవారం మీతో పార్కుకి రమ్మనండి. టికెట్లు మీరు పెట్టుకోండి, చీరకంటే దానికే ఎక్కువ సంతోషిస్తారు.

స్టాఫ్‌రూం లాడ్జి గురించి రెండు మాటలు. అదేం చెడ్డ సలహా కాదు, మీకు పనికిరాదు అంతే. అత్తగారు లేకుండా మీరు నలుగురే వెళ్తుంటే, ఊళ్లో అన్నయ్య కూడా లేకపోతే, ఎల్‌బీ నగర్ నుంచి హయత్‌నగర్ మధ్యలో ఒక శుభ్రమైన లాడ్జి చూసుకోమనే చెప్పేదాన్ని. ఎల్‌బీ నగర్ దాకా మెట్రో ఉంది, అక్కణ్నుంచి ఫిల్మ్ సిటీకి సుమారు ఇరవై కిలోమీటర్లు, సిటీ బస్సులున్నాయి. పెద్దవాళ్లెవరూ లేకుండా ఒకరోజు చూసి వచ్చేసేవాళ్లు లోపల గది తీసుకోవడం డబ్బు తగలేసుకోవడమే. బుక్ చేసేటప్పుడు మాత్రం మ్యాపులో దూరం వాళ్ల మాట మీద కాకుండా మీ కళ్లతో చూసుకోవాలి. మా మరిదిని గుర్తుపెట్టుకోండి. సంక్రాంతికి ముందు నాలుగు రోజులు ఆ విజయవాడ రోడ్డు కార్లతో నిండిపోతుంది, ఆ రోజుల్లో వెళ్లేవాళ్లు బయట లాడ్జి జోలికి పోకపోవడమే మంచిది. మీది డిసెంబరు కాబట్టి ఆ బెడద లేదు.

తెలంగాణలో ఆడవాళ్లకి బస్సు ఫ్రీ కదా అని మీ పక్కింటావిడ చెప్పే ఉంటుంది. అది అక్కడి గుర్తింపు కార్డు ఉన్నవాళ్లకే. మన ఒడిశా ఆధార్ చూపిస్తే కండక్టర్ నవ్వి టికెట్ కొడతాడు.

పిల్లల గురించి ఒక మాట. బాబు రైడ్లు, ఊయలలు, నీళ్లలో జారుడు బల్లలు కావాలని గోల చేస్తుంటే, ఫిల్మ్ సిటీలో వాడికి కొంచెం నిరాశే. అక్కడా పిల్లల ఆటలున్నాయి గానీ, ముఖ్యంగా చూడాల్సినవి సెట్లు, తోటలు, స్టంట్ షోలు, సినిమా ఎలా తీస్తారో చూపించే షోలు. రైడ్లే కావాలంటే 2024లో మన భువనేశ్వర్‌కి ఇవతలే, ఖుర్దా వైపు కుమర్‌బస్తా దగ్గర వండర్లా తెరిచారు. బరంపురం నుంచి తెల్లవారుజామున బయల్దేరితే తిరిగి రాత్రికి ఇంట్లో పడుకోవచ్చు. లోపలా బయటా అన్న గొడవే లేదు. దాన్ని వేసవికి దాచుకోండి, నీళ్లాటలు డిసెంబరులో ఎందుకు?

ఫిల్మ్ సిటీలో మాత్రం మన పిల్లలకి ఇంకోటి దొరుకుతుంది. మా పిల్లలు చదివింది ఒడియా మీడియం. ఇంట్లో తెలుగు మాటే గానీ అక్షరాలు అంతంతమాత్రం. ఆ రోజు బస్సులో కూర్చుని, కనబడ్డ ప్రతి తెలుగు బోర్డునీ మా చిన్నది కూడబలుక్కుంటూ చదివింది. "తా... తార" అని అరిచింది. ఆ హోటల్ ముందు నుంచే వెళ్తున్నాం అప్పుడు. మా అమ్మ కిటికీలోంచి దాన్ని చూసి, "ఇక్కడే దిగుంటే బాగుండేదే" అంది.

ఇక మీరు వెంటనే చేయాల్సింది రైలు టికెట్లు. రైలు తేదీలు ఖాయమయ్యాకే హోటల్‌కి డబ్బు కట్టండి, తిరగేసి చేయకండి. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, డిసెంబరు సెలవులకి మొదటి రోజే అయిపోతాయి. అయిదుగురికీ ఒకే టికెట్ తీయకండి. నలభై అయిదు దాటిన ఆడవాళ్లకి లోయర్ బెర్త్ కోటా ఉంది గానీ, ఒంటరిగానో ఇద్దరుగానో ఉన్న టికెట్‌కే అది వర్తిస్తుంది. అత్తగారికి విడిగా ఆ కోటాలో తీసి, మీ నలుగురికీ వేరే తీయండి. పెట్టె వేరైనా ఫరవాలేదు, రాత్రి ఒకరు వెళ్లి ఆవిడ దగ్గర కూర్చుంటే ఎవరో ఒకరు సీటు మార్చుకుంటారు. ఇంకొకటి, 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ మొదలయ్యాక కొన్ని రైళ్లు అక్కడికి మారాయి. టికెట్ మీద సికింద్రాబాద్ ఉందో, చర్లపల్లి ఉందో చూసి మీ అన్నయ్యకి చెప్పండి. లేకపోతే ఆయన ఒక స్టేషన్లో, మీరు అయిదుగురూ ఆవకాయ జాడీతో ఇంకో స్టేషన్లో.